తలాంతు ఎవరిది? పాట ఎవరికి?



దయచేసి యెహెజ్కేలు గ్రంథము 33వ అధ్యాయము, 30 నుండి 33 వచనాలు తెరవండి. యెరూషలేము పడిపోయిందన్న వార్త బబులోనులో చెరలో ఉన్నవారికి చేరిన రోజులవి. జనం ప్రవక్త దగ్గరకు గుంపుగా వస్తున్నారు, ఆయన ఎదుట కూర్చుంటున్నారు, చెప్పేది వింటున్నారు. బయటనుండి చూస్తే గొప్ప ఉజ్జీవంలాగే ఉంది. కానీ దేవుడు తన సేవకునికి లోపలి సంగతి చెప్పాడు. వాళ్ల నోట ప్రేమ ఉంది, హృదయం మాత్రం లాభం వెంట పోతోంది. వాళ్ల దృష్టిలో యెహెజ్కేలు ప్రవక్త కాడు, మంచి గొంతుతో వాయిద్యం చక్కగా వాయిస్తూ పాడే ఒక గాయకుడు. వింటారు, మెచ్చుకుంటారు, చేయరు.

లాభము, సంగీతము. ఈ రెండు మాటలూ పక్కపక్కనే వచ్చిన వాక్యభాగమిది. అది కూడా పరదేశంలో ఉన్న దేవుని ప్రజలతో చెప్పింది. మనల్ని ఎవరూ చెరపట్టి ఇక్కడికి తీసుకురాలేదు, వీసా స్టాంపింగ్ లైనులో మనమే నిలబడి వచ్చాం. అయినా ఈ మాట మనకూ తగులుతుంది.

1. తలాంతు యజమానునిది

మన సంఘాల్లో ఎవరైనా బాగా పాడితే "దేవుడు మంచి తలాంతు ఇచ్చాడు" అంటాం. మత్తయి 25లో తలాంతు అంటే తూకం, ఆ తూకానికి సరిపడే డబ్బు. ఒక కూలివాడు చాలా సంవత్సరాలు పనిచేస్తే గాని రానంత పెద్ద మొత్తం. ఉపమానంలో దాసులు ఎవరూ దాన్ని సంపాదించలేదు, యజమానుడే అప్పగించాడు, తిరిగి వచ్చి లెక్క అడిగాడు. అంగడిలో పుట్టిన ఆ మాట వాక్యం ద్వారా మన క్వయర్‌లోకి వచ్చింది. దాన్ని మళ్లీ అంగడికి తీసుకుపోతున్నామా అన్నదే నేటి ప్రశ్న.

తలాంతుకు సాధన కావాలి. 1 దినవృత్తాంతములు 25లో ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాలనుండి పాటల్లో ప్రవీణులైనవారు 288 మంది ఉన్నారు. నేర్పించబడినవారు వాళ్లు. గురువు, శిష్యుడు అనే తేడా లేకుండా అందరి వంతులకూ చీట్లు వేశారు. కాబట్టి "భక్తి ఉంది కదా, శ్రుతి లేకపోయినా పర్వాలేదు" అనడం వాక్యానుసారం కాదు. అదే సమయంలో, బాగా పాడేవాడికే ఎప్పుడూ మొదటి వంతు అనడం కూడా వాక్యానుసారం కాదు.

2. పరిశ్రమ దేన్ని కొలుస్తుంది?

1997లో ఆటో ట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాన్ని తయారుచేసిన యాండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కంపెనీల కోసం భూమిలోపలినుండి తిరిగొచ్చే తరంగాలను విశ్లేషించే పని చేసేవారు. దాదాపు అదే గణితం గొంతు శ్రుతిని పట్టుకోవడానికి, సరిచేయడానికి పనికొచ్చింది. సాధనం చెడ్డది కాదు. అయితే సాధన చేయని గొంతును కూడా సాధన చేసినట్టు అమ్మే వీలు దొరికింది. అంతకుముందే, 1990లో, మిల్లీ వనిల్లీ అనే జంటకు ఇచ్చిన గ్రామీ అవార్డును అదే సంవత్సరం వెనక్కి తీసుకున్నారు. ఆల్బమ్‌లో పాడింది వాళ్లు కాదని బయటపడింది. ముఖాలు ఒకరివి, గొంతులు వేరొకరివి.

ఈ రోజుల్లో పాట చాలావరకు స్ట్రీమింగ్ ద్వారానే వింటున్నాం. స్పాటిఫైలో ఒక పాటను కనీసం 30 సెకన్లు వింటేనే అది లెక్కలోకి వస్తుంది. 2024 నుండి, గడచిన 12 నెలల్లో 1,000 సార్లు వినబడని పాటకు అక్కడ రికార్డింగ్ రాయల్టీ లేదు. మొదటి అర నిమిషంలోనే వినేవాణ్ణి పట్టుకోవాలి. అలాంటప్పుడు మెల్లగా విచ్చుకునే రాగాలాపనకు చోటెక్కడ?

నేను పనిచేసేది కంప్యూటర్ రంగం కాబట్టి ఒక్క మాట చెప్పగలను. మనకు పాటలు సిఫారసు చేసే ప్రోగ్రామ్ దయ్యమూ కాదు, దేవదూతా కాదు. అది లెక్కపెట్టే యంత్రం. మీరు ఆగారా, దాటి వెళ్లారా, మళ్లీ వచ్చారా అన్నది దానికి తెలుసు. ఆ పాట విని మీరు మీ సహోదరుణ్ణి క్షమించారా అన్నది దానికి తెలియదు. యెహెజ్కేలు కాలంలో దేవుడు చూసింది సరిగ్గా ఈ రెండోదే.

3. కూలి పాపం కాదు

అయితే పాటకు డబ్బు తీసుకోవడమే తప్పా? కాదు. నెహెమ్యా 13:10, 11 చదవండి. లేవీయులకు, గాయకులకు రావలసిన పాళ్లు ఇవ్వకపోతే వాళ్లు ఎవరి పొలాలకు వాళ్లు వెళ్లిపోయారు. నెహెమ్యా గాయకులను తిట్టలేదు, అధికారులను నిలదీశాడు. పనివాడు తన జీతానికి పాత్రుడని ప్రభువే చెప్పాడు. కీబోర్డు వాయించే తమ్ముణ్ణి ప్రతి పండుగకూ పిలిచి, పెట్రోలు ఖర్చు కూడా అడగకుండా "దేవుడు దీవిస్తాడు" అని పంపించేస్తే అది విశ్వాసం కాదు, పిసినారితనం.

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ లైప్‌జిగ్‌లో చర్చి సంగీతానికి బాధ్యుడిగా పనిచేశారు. 1730లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో జీతం చాలడం లేదని, ఊళ్లో గాలి ఆరోగ్యంగా ఉంటే అంత్యక్రియలు తగ్గి తన రాబడి పడిపోతోందని వాపోయారు. అదే మనిషి తన రచనలు అనేకం ముగిస్తూ, మహిమ దేవునికి మాత్రమే అని అర్థం వచ్చే లాటిన్ మాటల పొడి అక్షరాలు ఎస్.డి.జి. అని రాసుకునేవారు. జీతం అడిగారు, మహిమ మాత్రం అడగలేదు. తేడా అక్కడుంది.

అమెరికా క్రైస్తవ గాయకుడు కీత్ గ్రీన్ ఇంకో అడుగు ముందుకు వేశారు. 1980లో వచ్చిన తన ఆల్బమ్‌కు ధర పెట్టకుండా, ఎవరు ఎంత ఇవ్వగలిగితే అంతకే ఇచ్చారు. 1982లో 28 ఏళ్లకే విమాన ప్రమాదంలో చనిపోయారు. అందరూ ఆయనలాగే చేయాలని నేను అనడం లేదు. లాభం తన హృదయాన్ని లాక్కుపోకుండా ఆయన ఒక గట్టి కంచె వేసుకున్నారు. మన కంచె ఏది?

4. మన ఇంటి సంగతి

పరిశ్రమను విమర్శించడం తేలిక. మన దగ్గరకు రండి. పాటల సాయంకాలాలు పెట్టి ముందు వరుసకు ఒక రేటు, వెనుక వరుసకు ఒక రేటు పెడుతున్నాం. బంగారు ఉంగరం ఉన్నవాడికి మంచి స్థలం, బీదవాడికి పాదపీఠం దగ్గర స్థలం ఇచ్చినవారిని యాకోబు 2వ అధ్యాయం ఏమంటుందో మరచిపోయాం. ఆదివారం ఏ పాట పాడాలో వాక్యాన్ని బట్టి కాక వ్యూస్‌ను బట్టి ఎంచుకుంటున్నాం. పాప పాడి దిగిరాగానే "వీడియో బాగా వచ్చిందా?" అని అడుగుతున్నాం. ఆ బిడ్డ ఏం నేర్చుకుంటుంది? తన తలాంతు యజమానుడు దేవుడు కాదు, కెమెరా అని.

ఇక్కడ పుట్టిన మన పిల్లలు తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో చదివి పాడుతున్నారు. అదే గదిలో వెనుక కుర్చీలో, ఆరు నెలలకు వచ్చిన అమ్మమ్మ కూర్చొని ఉంటుంది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఆమెకు పుస్తకం లేకుండా వస్తాయి. 1803లో పుట్టి 1890లో ప్రభువు సన్నిధికి చేరిన ఆ భక్తుడికి స్టూడియో లేదు, ఛానెల్ లేదు. ఆయన పాటలు ఒక నోటినుండి ఇంకో నోటికి పాకుతూ మనదాకా వచ్చాయి. అమ్మమ్మ తిరుగు ప్రయాణం తేదీ ఖాయమైంది. ఆమె వెళ్లేలోపు ఒక్క కీర్తన అయినా రాగం, తాళం, అర్థంతో సహా మన పిల్లలు నేర్చుకోకపోతే ఆ నష్టం ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు.

కాబట్టి ఈ వారం మూడు పనులు చేద్దాం. పెద్దలు, వాయిద్యకారుల ఖర్చులు, అవసరాలు అడిగి తెలుసుకోండి. క్వయర్‌లో ఉన్నవారు, నెలలో ఒక్క ఆదివారమైనా ట్రాక్ ఆపేసి, ఫోన్లు పక్కనపెట్టి, సంఘం గొంతు వినబడేలా పాడించండి. తల్లిదండ్రులారా, బిడ్డ పాడి వచ్చినప్పుడు "ఆ పాటలో నీకు ఏ మాట నచ్చింది?" అని అడగండి.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, గొంతు నీవిచ్చినదే, చెవి నీవిచ్చినదే. మా హృదయం లాభం వెంట పోకుండా కాపాడు. మేము పాడినది చేసే కృప మాకు దయచేయుము. లెక్క అడిగే దినాన నమ్మకమైన దాసులముగా నీ యెదుట నిలబెట్టుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.