సేవావిద్యకు పరీక్ష

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు మన యిండ్లలో ఇల్లాలు కుండలోని మెతుకులనన్నిటిని పట్టిచూడదు. ఒక్క మెతుకును వ్రేళ్లనడుమ నలిపి చూచి కుండ దించును. దీనినే మన శాస్త్రకారులు స్థాలీపులాకన్యాయమనిరి. పాఠశాలలలో మేము జరపు పరీక్షలన్నియు ఈ న్యాయముమీదనే నిలిచియున్నవి. ఏడాదిపొడవున నేర్చినదానిలో పది ప్రశ్నలడిగి, ఆ పదింటినిబట్టి తక్కినదానిని ఊహించుచున్నాము. ఇరువదియేండ్లకు పైగా ఈ పని చేయుచున్న మాకు ఇందలి లోపములు తెలియకపోలేదు. ఐనను లెక్కలకును వ్యాకరణమునకును ఇంతకంటె మేలైన త్రోవ కానరాక దీనితోనే కాలము గడుపుచున్నాము.

కాని ఒక్క సంగతి మరువరాదు. కుండలోని మెతుకులన్నియు ఒకే నీటిలో, ఒకే మంటమీద ఉడికినవి గనుకనే ఒక్క మెతుకు తక్కినవానికి సాక్షి కాగలిగినది. మనుష్యుని తెలివియు, నడవడియు, ఓర్పును, సత్యమును ఒకే మంటమీద ఉడుకునవి కావు. తెలివి ఉడికినవాని ఓర్పు పచ్చిగనే యుండవచ్చును. ఇతరుల కష్టములలో జోక్యము కలుగజేసికొనుటయే వృత్తిగా గలవానిని తయారుచేయు విద్య యొకటి యున్నచో, దానికి పరీక్ష యెట్లు పెట్టవలెను? ఈ ప్రశ్న మాకు పుస్తకములవలన కలిగినది కాదు. ఒక విద్యార్థినివలన కలిగినది.

మేముండునది నాగారము. ఇ.సి.ఐ.ఎల్. కూడలినుండి కీసరకు పోవు బాటమీది యీ యూరు మొన్నమొన్నటివరకు పొలముల నడుమ నుండెడిది. నేడు మేడల నడుమ నున్నది. మేడలు కట్టుటకు వచ్చినవారును, చెత్త నేరుకొని బ్రతుకువారును చుట్టుప్రక్కల రేకుల గుడిసెలలో నివసించుచున్నారు. నగరపు చెత్త చేరు జవహర్‌నగర్ గుట్ట మాకు దూరము కాదు. గాలి అటునుండి వీచు రాత్రులలో ఆ సంగతి మాకెవ్వరును చెప్పనక్కరలేదు. మావద్ద మూడేండ్లు తెలుగు చదువుకొన్న యొక బాలిక, కట్టుబడిలోనున్న మేడకు కావలి కాయువాని కూతురు, ఇప్పుడు నగరములోని యొక కళాశాలలో సాంఘికసేవాశాస్త్రమున పట్టపరీక్షకు చదువుచున్నది. ఆ విద్యార్థులు వారమునకు రెండు దినములు తరగతి విడిచి, ప్రజలలోనికి పోయి పనిచేయవలెను. చేసిన పనిని పుస్తకమున వ్రాసి చూపవలెను. దీనిని క్షేత్రకార్యమందురు.

ఆమెకు చెత్త నేరువారి వాడయొకటి నియమింపబడినది. అచ్చట పన్నెండేండ్ల పిల్ల యొకతె బడి మానిపించబడి, ఏడాదిన్నర తమ్ముని ఎత్తుకొని గుడిసెలో నుండెడిది. మా శిష్యురాలు తల్లిని పదేపదే కలిసికొని, ఒప్పించి, పిల్లను బడిలో చేర్పించినది. తొమ్మిది దినములు పిల్ల బడికి పోయినది. ఆ తొమ్మిది దినములును తల్లి పసివానిని విడిచి పోలేక, పనికి పోలేదు. పదవ దినమున పొయ్యి రాజలేదు. పదునొకండవ దినమున పిల్ల బడికి పోలేదు. మా శిష్యురాలు ఇదియంతయు ఉన్నదున్నట్లు వ్రాసి, చివర, “తమ్ముని ఎవరు చూతురని నేను అడుగలేదు. అడుగవలసియుండెను” అని చేర్చినది.

ఆమె సహపాఠి యొకడు అదే వాడలో మరియొక పిల్లను బడిలో చేర్పించెను. చేర్పించిన దినముననే అతని పుస్తకము ముగిసినది. అతడబద్ధమాడలేదు, పిల్ల చేరినమాట నిజము. పదవ దినమున ఆ పిల్ల బడిలో నున్నదో లేదో ఎవ్వరును అడుగలేదు. అతనికి మంచి మార్కులు వచ్చినవి. మా శిష్యురాలి పుస్తకముమీద “లక్ష్యము నెరవేరలేదు” అని వ్రాసి మార్కులు తగ్గించిరి.

ఆమె ఆ పుస్తకమును మా యింటికి తెచ్చి చూపినది. ఇచ్చట మా తప్పు కూడ ఒప్పుకొనవలెను. పుస్తకము చేతికి రాగానే మేము చేసిన మొదటి పని, జేబులోని ఎఱ్ఱసిరా కలము తీసి, రెండు వాక్యములలో విభక్తులు దిద్దుట. ఆ యమ్మాయి మా ముఖమువంక చూచి ఊరకుండెను. ఆ చూపు మమ్ము చాలదినములు నిద్రపోనీయలేదు. ఒక మనుష్యజీవి తన తప్పును తాను చూచి వ్రాసిన పుటలో మేమును పరీక్షకునివలెనే విభక్తులు చూచితిమి.

సేవకు పరీక్షయే కూడదని వాదించువారు కలరు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిన వీరేశలింగముపంతులుగారు ఏ సేవాపట్టము పొందిరి? 1906లో హైదరాబాదున జగన్మిత్రమండలి స్థాపించి దళితులకొఱకు జీవితము ధారపోసిన భాగ్యరెడ్డివర్మగారికి ఎవరు మార్కులు వేసిరి? హృదయముండవలెను గాని పరీక్షయెందుకని వీరందురు. ఇది వినుటకు ఇంపుగానున్నది. కాని దుర్గాబాయిగారి జీవితమును చూడుడు. 1923లో కాకినాడ కాంగ్రెసునాడు, పదునాలుగేండ్ల స్వచ్ఛందసేవికగా ప్రదర్శనశాల ద్వారముకడ నిలిచి, టికెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూగారినే ఆపిన బాలిక ఆమె. ఆనాడామెకు హృదయమును కలదు, ధైర్యమును కలదు. ఐనను అది చాలునని ఆమె అనుకొనలేదు. చెరసాలలనుండి వచ్చినపిదప ప్రైవేటుగా చదివి, పట్టము పొంది, న్యాయశాస్త్రము చదివి, 1942లో మదరాసున న్యాయవాదవృత్తి చేపట్టిరి. 1937లో ఆంధ్రమహిళాసభను నెలకొల్పినవారును, 1953లో ఏర్పడి 2022లో రద్దయిన కేంద్ర సాంఘికసంక్షేమమండలికి తొలి అధ్యక్షురాలును ఆమెయే. మంచి మనసునకు శిక్షణ యక్కరలేదని ఆమె జీవితము చెప్పుటలేదు.

మఱియు మహనీయులమాట వేరు, కళాశాలలమాట వేరు. మహనీయులను జీవితమే యేరి తెచ్చినది. కళాశాలయో, సామాన్యులైన యువతీయువకులను ఏటేట చేర్చుకొని, పరుల గుడిసెలలోనికి పంపుచున్నది. పంపుటకుముందును, పంపినపిదపను వారినెవ్వరును పరీక్షింపరాదన్నచో, నష్టపడునది విద్యార్థి కాదు, గుడిసెలోని తల్లి.

మన సుశ్రుతసంహితలో ఈ విషయమునకు పనికివచ్చు అధ్యాయమొకటి కలదు. శస్త్రవైద్యము నేర్చువాడు రోగిని తాకుటకు పూర్వము గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలమీద కోతయు, నీరు మొదలగువానితో నింపిన తోలుతిత్తులమీద పోటును అభ్యసింపవలెనని అచ్చట చెప్పబడినది. శాస్త్రము మాత్రమెరిగి పని యెరుగనివాడును, పని మాత్రమెరిగి శాస్త్రమెరుగనివాడును ఒంటిరెక్క పక్షులని కూడ ఆ గ్రంథమే చెప్పును. ఇక సేవావిద్యార్థిమాట చూడుడు. ఇతనికి సొరకాయ యేది? తరగతిలో ఒకరు తల్లిగను ఒకరు సేవకునిగను నటించి అభ్యసింపవచ్చును. అది కొంతవరకు ఉపకరించును. ఐనను ఆకలి నటనలో రాదు, పదవ దినము నటనలో రాదు. తుదకు ఇతడు నేర్చుకొనుట బ్రతికియున్న మనుష్యులమీదనే. వారు పేదలగుటచే కాదనలేరు, ఎదురు ప్రశ్న వేయలేరు. వారి తలుపు మన సొరకాయ యగుచున్నది.

ఇచ్చటనే ఈ పరీక్షకును తక్కిన పరీక్షలకును భేదము. లెక్కలలో విద్యార్థి తప్పుచేసిన కాగితము చెడును. ఇచ్చట తప్పుచేసిన కాపురము చెడును. కావున ఈ పరీక్షయొక్క మొదటి ధర్మము విద్యార్థులను వరుసలో నిలుపుట కాదు; ఎవరిమీద వారు నేర్చుకొనుచున్నారో వారిని కాపాడుట. జరిగిన తప్పు వెంటనే బయటపడవలెను. తప్పు చెప్పినవానికి మార్కులు తగ్గించి, దాచినవానికి హెచ్చించు పరీక్ష తప్పులను తగ్గింపదు, తప్పులను దాచు నేర్పును పెంచును. మా శిష్యురాలి కళాశాల తెలియకయే ఈ నేర్పును బోధించినది.

ఈ చిక్కు మనకొక్కరికే కలిగినది కాదు. మనదేశమున ఈ విద్యకు మొదటి కళాశాల 1936లో బొంబాయిలో దొరాబ్జీ టాటా పేరిట వెలసినది. నేడు కళాశాలలను తూచు న్యాక్ సంస్థ, బోధించితిరా అని మాత్రమే కాక, విద్యార్థి యేమి నేర్చెనని కూడ అడుగుచున్నది. అమెరికాలో ఈ విద్యకు గుర్తింపునిచ్చు మండలి 2008నుండి, విద్యార్థి యేమి చదివెననుటకంటె ఏమి చేయగలడను ప్రశ్నకు ప్రాధాన్యమిచ్చుచున్నది. పట్టపరీక్షార్థికి 400 గంటల క్షేత్రకార్యము తక్కువ కారాదని నియమించినది. 2015నాటి నియమావళిలో ఒక్కొక్క సామర్థ్యమును రెండు విధములుగా కొలువవలెననియు, అందొకటి నిజమైన పనిలోగాని, దానికి ప్రతిరూపమైన అభ్యాసములోగాని చూచినదై యుండవలెననియు విధించినది. ఒక్క మెతుకు చాలదని వారును గ్రహించిరి. ఐనను 400 గంటలు నిలిచినవాడెల్ల 400 గంటలు చూచినవాడు కాడు. వంటలో నిత్యము మునుగు గరిటెకు రుచి తెలియదు గదా!

మరి యేమి కొలువవలెను? చట్టము, పింఛనులు, బియ్యపుకార్డు, శిశుపోషణ మొదలగువానిని గూర్చిన జ్ఞానమును వ్రాతపరీక్షతోనే కొలువవచ్చును. అందు స్థాలీపులాకన్యాయము చెల్లును. 2009నాటి విద్యాహక్కుచట్టము ఆరునుండి పదునాలుగేండ్ల పిల్లలకు బడి హక్కనుచున్నది. అంగన్‌వాడీ పూర్వప్రాథమికవిద్య మూడేండ్లు నిండినవారికి గాని లేదు. ఏడాదిన్నరవాడు ఈ రెంటి నడుమ అక్క చంకనే మిగిలెను. ఇది తెలియని విద్యార్థి ఎంత దయాళువైనను తల్లికి చిక్కు తెచ్చును.

రెండవది నడవడి. చెప్పిన దినమున పోయెనా? ఒక యింటి రహస్యము మరియొక యింట పలికెనా? దీనిని వ్రాసిన పుస్తకమునుబట్టి కాక, వెంట నడిచిన ఉపాధ్యాయుడు, అచ్చటి అంగన్‌వాడీ టీచరు మొదలగు ఒకరికంటె ఎక్కువమంది కన్నులనుబట్టి తెలిసికొనవలెను. మూడవది, పుస్తకము చేతబట్టుకొని విద్యార్థిని అడుగవలసిన ప్రశ్న: “ఇందు నీవు పొరబడినదెచ్చట? తెలిసినపిదప ఏమి చేసితివి?”

అట్లైన విద్యార్థులు అపజయములను కూడ కల్పించి వ్రాయుట నేర్వరా అని చదువరులు అడుగవచ్చును. నేర్తురు. కనుకనే మార్కు అపజయమునకు కాదు, దాని పిదప చేసిన పనికి ఈయవలెను. ఆ పని జరిగినదో లేదో వాడకు పోయి చూడవచ్చును. చూచుటకు ఉపాధ్యాయునికి తీరిక లేనిచో, విద్యార్థిని పంపుటకును ఆ కళాశాలకు అర్హత లేదు.

నాల్గవది, సేవపొందినవారి మాట. వారినడుగుట న్యాయము, కాని విద్యార్థిచేతనే అడిగింపరాదు. రేపు కార్డు వచ్చునను ఆశతో నున్నవారు నేడు నిందింపలేరు. వేరొకరు, విద్యార్థి గడువు ముగిసినపిదప, పేర్లు వ్రాసికొనక అడుగవలెను. ఇక దయకు మాత్రము పట్టికలో గడి గీయవలదని మా మనవి. గడి గీసిననాడు దయ నటనయగును.

ఈ మాటలు కళాశాలలకే కావు, మన యిండ్లకును చెల్లును. బడినుండి వచ్చిన పిల్ల మార్కులపట్టిక చూపిన కౌగిలించుకొందుము. “ఇవాళ నేనొక తప్పుచేసితిని” అని చెప్పిన చేయెత్తుదుము. పిదప పిల్లలు సత్యము చెప్పరని చింతింతుము. ఎఱ్ఱసిరా కలము మా జేబులోనే కాదు, ప్రతి తల్లిదండ్రుల చేతను కలదు.

కడపటిమాట. క్షేత్రకార్యపు గడువు ముగిసినది, మార్కులు వచ్చినవి. ఐనను మా శిష్యురాలు ఆ వాడకు మరి నాలుగుమారులు పోయినది. పసివానిని పగలు చూచుటకు ప్రక్కగుడిసెలోని ముసలమ్మను ఒప్పించుటకు ప్రయత్నించుచున్నది, ఇంకను కుదురలేదు. మొన్న ఆదివారమున మేమును వెంట పోయితిమి. ఈమె వచ్చుటవలన మీకేమైన మేలు కలిగినదా అని, ఆమె దూరముగానున్నపుడు, తల్లిని మెల్లగా అడిగితిమి. తల్లి మూట విప్పుచు తలయెత్తకయే యిట్లనెను: “మేలంటే ఏం జెప్పాలె సారూ. రాస్కపోయినోల్లు శానమంది వొచ్చిన్రు. మల్లొచ్చింది గీ బిడ్డొక్కతే.”

ఈ మాటకు ఆ పట్టికలో గడి లేదు. కాని మళ్లీ వచ్చుట కంటికి కనబడు పని. కోరినవారు దానిని లెక్కింపగలరు. కళాశాలలవారు ఆలోచింతురుగాక.