ఆ అరగంట ఎవరిది?

"టీవీ సీరియళ్ళు నాశనమైపోయాయి" అని ఎవరైనా అంటే నేను వెంటనే తలూపలేను. అన్నవాళ్ళ ముఖం వైపు ఒకసారి చూస్తాను. చాలాసార్లు ఆ మాట వెనక ఒక చిన్న నవ్వు వుంటుంది. ఆ నవ్వు సీరియల్ తీసినవాళ్ళ మీద కాదు, చూసేవాళ్ళ మీద. "సాయంత్రం ఆరు దాటితే మా ఇంట్లో రిమోట్ మాకు దొరకదండీ" అనే పెద్దమనిషి, రాత్రి తొమ్మిదింటికి ఆరుగురు మగవాళ్ళు ఆరు చదరాల్లోంచి ఒకరి మీద ఒకరు అరుచుకునే వార్తా చర్చని గంటసేపు చూస్తాడు. దాన్ని "మగవాళ్ళ చెత్త" అని ఎవరూ అనరు. దానికి రాజకీయ చైతన్యం అని పేరు.

ఈ నవ్వు మన సాహిత్యానికి కొత్త కాదు. అరవైలలో, డెబ్భైలలో వారపత్రికల్లో స్త్రీల నవలలు వెల్లువలా వస్తున్నప్పుడు విమర్శకులు నవ్విన నవ్వే ఇది. మధ్యతరగతి ఆడపిల్లల పగటికలలు, కారున్న కథానాయకుడు, పెళ్ళితో ముగింపు అని తీసిపారేశారు. అదే కాలంలో అమ్ముడుపోవటం కోసం మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకున్నారు. ఆ నవలల గురించి స్త్రీవాదులం తర్వాత కొంత ఓపికగా మాట్లాడుకున్నాం. ఆ పాఠకురాలు అందులో ఏం వెతుక్కుంది అని అడిగాం. సీరియల్ ప్రేక్షకురాలి విషయంలో ఆ ఓపిక మనకి ఎందుకు లేదు? ఇంతకీ ఆ నవలలు చదివిన అమ్మాయిలే ఇవ్వాళ ఆ టీవీల ముందు కూర్చున్న అమ్మమ్మలు.

అయినా నాకు కోపం వుంది. దాన్ని దాచుకోలేను. దాచుకోకుండా, ఆ నవ్వులో గొంతు కలపకుండా ఎలా చెప్పాలన్నదే నా ఇబ్బంది.

ముందు నాకు కోపం దేనిమీద లేదో చెప్తాను. కథ నమ్మశక్యంగా లేకపోవటం మీద లేదు. చచ్చిపోయిందనుకున్న మనిషి తిరిగి రావటం, కవలలు విడిపోవటం, ఉంగరం చూసి గుర్తుపట్టటం మన కథలకి పుట్టుకతో వచ్చినవే. ఏడుపు మీద కూడా లేదు. ఏడ్చే కథని తక్కువగా చూడటం మగ సౌందర్యశాస్త్రం నేర్పిన అలవాటు. ఒక చెంపదెబ్బకి మూడుసార్లు కెమెరా ఊగి, గదిలో వున్న ఎనిమిది మంది ముఖాల మీదికీ వరసగా వెళ్ళటం విసుగే, కానీ విసుగు వేరు, తప్పు వేరు.

వెనకటి టీవీ బంగారం అనే మాట కూడా నేను ఒప్పుకోను. 1984లో "హమ్ లోగ్" మొదలైనప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మెక్సికోలో కుటుంబ నియంత్రణ లాంటి విషయాలు ప్రచారం చెయ్యటానికి వాడిన సీరియళ్ళ నమూనాని తెచ్చి దూరదర్శన్ దాన్ని తయారుచేసింది. ప్రాయోజకులు మ్యాగీ నూడుల్స్ వాళ్ళు. ఎపిసోడ్ చివర అశోక్ కుమార్ వచ్చి ఇవ్వాళ్టి కథలో నీతి ఏమిటో చెప్పేవాడు. అందులో భాగవంతి అనే తల్లి వుంది. నోరెత్తదు, అన్నీ భరిస్తుంది. ఇలా వుండకూడదు అని చూపించటానికే ఆ పాత్రని అలా మలిచారు. తర్వాత పరిశోధకులు అడిగితే చాలామంది ప్రేక్షకులు ఆదర్శం అని చెప్పింది ఆమెనే! చదువు చెప్పాలని కూర్చున్న ప్రభుత్వానికి విద్యార్థులు ఇచ్చిన జవాబు అది. ఆ రోజుల టీవీలో దళిత స్త్రీ ఎక్కడుంది, ముస్లిం స్త్రీ ఎక్కడుంది అని అడిగితే బంగారం ఇంకా వెలిసిపోతుంది. 1987లో మొదలైన "రామాయణ్" ఆదివారం ఉదయాల్ని ఏం చేసిందో, దాని తర్వాతి రాజకీయాలు ఎటు నడిచాయో నేను కొత్తగా చెప్పనక్కర్లేదు.

కానీ ఒక తేడా వుంది. 1985లో వచ్చిన "రజని"లో ప్రియా టెండూల్కర్ ఒక మామూలు గృహిణి. ఊరివాళ్ళ సమస్యల కోసం కొంగు బిగించి ఆఫీసుల చుట్టూ తిరిగి నిలదీసేది. 1989 నాటి "ఉడాన్"ని కవితా చౌదరి తనే రాసి, తీసి, నటించింది. ఐపీఎస్ అధికారి అయిన తన అక్క జీవితం దానికి ఆధారం. కళగా ఇవి గొప్పవా కాదా అన్న చర్చ వేరు. చూసే స్త్రీ టీవీ కట్టేశాక ఏదో ఒకటి చెయ్యగలదు అని అవి అనుకున్నాయి. ఆమెని బడిపిల్లగా చూశాయి, నిజమే. బడిపిల్ల రేపు ఎదుగుతుందని ఎంతోకొంత ఆశ వుంటుంది. ఇప్పటి సీరియల్‌కి ఆమె ఒక అంకె. అంకె ఎదగనక్కర్లేదు, రేపు అదే వేళకి అక్కడే వుంటే చాలు.

అంకె అన్నది అలంకారం కాదు. దేశంలోని కొన్ని పదివేల ఇళ్ళలో టీవీలకి మీటర్లు అమర్చి, ఎవరు ఏం చూశారో లెక్కగట్టి, గురువారం గురువారం రేటింగులు ఇస్తారు. 2015 నుంచి ఈ పని బార్క్ చేస్తోంది, అంతకుముందు టామ్ చేసేది. ఆ లెక్కని బట్టి ప్రకటన ధర, ప్రకటన ధరని బట్టి కథ. కోడలు ఇల్లు విడిచి వెళ్ళాలా వద్దా అన్నది కోడలి స్వభావం తేల్చదు, గురువారం తేలుస్తుంది.

"కార్తీక దీపం" సంగతే తీసుకుందాం. మలయాళంలో వచ్చిన "కరుత్తముత్తు"కి ఇది తెలుగు రూపం. 2017 నుంచి 2023 దాకా పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు నడిచింది. నల్లపిల్ల దీప. భర్త అనుమానించి వదిలేశాడు. వంట చేసి బతుకుతూ కూతుర్ని పెంచుకుంది. రాష్ట్రాలు రెండైనా తెలుగువాళ్ళందరికీ ఆమె "వంటలక్క". ఈ కథలో మనకి కావలసినవి ఎన్ని వున్నాయో చూడండి: రంగు వివక్ష, శీల పరీక్ష, ఒంటరి తల్లి, స్త్రీ శ్రమ. అందుకే అంతమంది స్త్రీలు దాన్ని తమదనుకున్నారు. వాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ నలుపుకి జరిగే అవమానం గురించిన కథలో నటి నల్లనిది కాదు, మేకప్‌తో రంగు తగ్గించారు. వంట చేసి బతికే మనిషి కథలో పప్పు ధర ఎంత, నెలకి ఎంత మిగిలింది అన్న లెక్క ఎప్పుడోగానీ వినపడదు. ఆమె శ్రమ ఆమెకి బిరుదు అయింది, జీవితం కాలేదు. ఏళ్ళకేళ్ళు కథ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: భర్త నమ్ముతాడా లేదా?

మా ఇంట్లో పనికి వచ్చే ఆమె ఏడున్నరకి ఆ సీరియల్ అందుకోవటానికి ఆదరాబాదరాగా గిన్నెలు బోర్లించి వెళ్ళేది. ఒకరోజు తనే అన్నది: "అన్నేండ్లు వండుకొని బతికినామె, మళ్ల వాని ఇంటికెందుకు పోవాలమ్మా?" నేను ఉత్సాహపడ్డాను. మరి ఎందుకు చూస్తున్నావని అడిగాను. "పోను అంటే సీరియల్ అయిపోతది గద. అయిపోతే నాకేముంటది చూస్తందుకు?"

మీడియా పాఠాలు చెప్పే సెమినార్లలో ఇంత పొందికైన విమర్శ నేను ఎక్కువసార్లు వినలేదు. ఆమెకి ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసు. ఇది కొత్త విషయం కూడా కాదు. "డల్లాస్" ప్రేక్షకుల మీద ఇయన్ ఆంగ్, ఢిల్లీలో దూరదర్శన్ చూసే స్త్రీల మీద పూర్ణిమా మంకేకర్ చేసిన పరిశోధనలు చదివినవాళ్ళకి ఇది పరిచయమే. ప్రేక్షకురాలు మైనపుముద్ద కాదు. తెర మీది కథతో వాదిస్తుంది, తన బతుకుతో పోల్చుకుంటుంది, వెక్కిరిస్తుంది. ఈ వాదనని క్లాసులో ఇరవై ఏళ్ళు నేనూ ప్రేమగా చెప్పాను, ఇప్పటికీ చెప్తాను. అయితే దాన్ని ఛానెళ్ళ వాళ్ళు ఎంత హాయిగా వాడుకుంటున్నారో చూస్తే ఒళ్ళు మండుతుంది. "వాళ్ళకి ఇష్టం కాబట్టే ఇస్తున్నాం, ఆడవాళ్ళు తెలివితక్కువ వాళ్ళా ఏమిటి?" అంటారు. తూకంలో మోసాన్ని కొనేవాళ్ళు కనిపెట్టి, వేరే కొట్టు లేక అక్కడే కొంటే, తూకం సరైనదైపోతుందా?

ఇంతకీ ఇక్కడ తూచేది ఏమిటి? నా దృష్టిలో అది ఆమె సమయం. 2019లో ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు జీతంలేని ఇంటిపనికి పెడుతున్నారు. అలా చేసే మగవాళ్ళ వాటా 97 నిమిషాలు. 2024 సర్వేలో స్త్రీలకి 289, మగవాళ్ళకి 88. (స్త్రీలకి పది నిమిషాలు కలిసొచ్చాయని సంతోషించేలోపే మగవాళ్ళు తొమ్మిది తగ్గించుకున్నారు!) ఇంత పని మధ్యలో ఆమె తనకోసం ఒక అరగంట దొరకబుచ్చుకుంటుంది. కొన్నిసార్లు అది కూడా బీన్స్ ఈనెలు తీస్తూనే. అలా దొరికిన అరగంటలో ఆమె చూసే ఇంట్లో ఎవరూ గిన్నెలు తోమరు. వంటింట్లోకి వెళ్తే విషం కలపటానికి వెళ్తారు, లేకపోతే చాటుగా వినటానికి. పట్టుచీరలతో నిద్రలేస్తారు. ఆ ఇంటి పని ఎవరో కనపడని మనిషి చేసి పెడుతుంది, ఆమె కథ ఎవరికీ అక్కర్లేదు. నన్ను బాధపెట్టేది ఇదీ. అబద్ధం చెప్పటం కథకి తప్పు కాదు. అలిసిపోయి వచ్చిన మనిషి దగ్గర ఆమె అలసటనే లేనట్టు నటించటం, పైగా ఆమె కష్టాలకి కారణం పక్కింటి ఆడదో అత్తో ఆడపడుచో అని రోజూ చూపెట్టటం మాత్రం ఒక రకం అవమానం. ఆ అవమానాన్ని ఆమె పట్టించుకోకపోవచ్చు. చేసినవాళ్ళ బాధ్యత అందువల్ల తగ్గదు.

ఆమధ్య ఒక సంఘం వాళ్ళు సంతకం కోసం వినతిపత్రం తెచ్చారు. సీరియళ్ళని సెన్సారు చెయ్యాలని. స్త్రీలని విలన్లుగా చూపిస్తున్నారన్న మొదటి పేరా బాగుంది. రెండో పేరాలో వివాహేతర సంబంధాలు చూపి కుటుంబ వ్యవస్థని దెబ్బతీస్తున్నారని వుంది. ఆ రెండు పేరాలూ ఒకే కాగితం మీద వున్నందుకు సంతకం పెట్టలేదు. స్త్రీలని కించపరచకూడదని 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లో ఇప్పటికే వుంది. ఫిర్యాదులు వినటానికి ప్రసారకర్తలు 2011లో పెట్టుకున్న మండలి వుంది. ఇవి చాలవని నాకూ తెలుసు. కానీ కత్తెర చేతికిస్తే వాళ్ళు ముందు కత్తిరించేది అత్త విషం కలిపే సీను కాదు, కోడలు గడప దాటే సీను. దాని బదులు ఏం చెయ్యాలని ఆ మిత్రులు అడిగారు. మన పత్రికల్లో సీరియళ్ళ మీద నవలల మీద రాసినంత శ్రద్ధగా, పేరుపేరునా సమీక్షలు రాద్దామన్నాను. "ఋతురాగాలు" నుంచి "మొగలిరేకులు" దాకా మంజులా నాయుడు అనే స్త్రీ ఏళ్ళ తరబడి తెలుగు ఇళ్ళలోకి కథలు పంపింది. ఆమె పని మీద మనం ఎన్ని వ్యాసాలు రాశాం? వాళ్ళకి నా జవాబు మెతకగా తోచింది. తోచనివ్వండి.

నా పాత విద్యార్థిని ఒకమ్మాయి సీరియళ్ళకి మాటలు రాస్తుంది. మంచి కథలు రాసేది. ఇప్పుడు పొద్దున షూటింగ్‌కి రాత్రి సీను పంపాలి, కథ ఎటు పోతుందో ఆ వారం దాకా తనకే తెలియదు. ఒకసారి అత్తకి కాస్త మనసు పెట్టి, కోడలితో తన పాతరోజుల గురించి మాట్లాడించిందట. రేటింగు పడింది. మళ్ళీ విషం సీసా వచ్చింది. "మానెయ్యొచ్చు కదా" అని నేను అనలేదు, ఇంటి అద్దె సంగతి నాకు తెలుసు. పోయిన నెల ఫోన్ చేసింది. "మేడమ్, మంగళవారం ఎపిసోడ్ చూడండి, బ్రేక్ ముందు" అంది. చూశాను. కోడలు రాత్రి బల్లముందు కూర్చుని నోటుబుక్కులో పాలు, కూరలు, గ్యాసు, పనిమనిషి జీతం వరసగా రాసి కూడుతుంది. కూడిక కుదరక మళ్ళీ కూడుతుంది. నేపథ్య సంగీతం లేదు. అర నిమిషం వుంటుంది, అంతే. తర్వాత గురువారం ఆ అమ్మాయికి ఫోన్ చేసి రేటింగు ఎలా వుందని అడిగాను. పెరగలేదు, తగ్గలేదట. ఎవరూ గమనించలేదట. ఇంకో నోటుబుక్కు సీను రాస్తున్నానంది.