కారు పోయింది, కోపం పోవడం లేదు

ప్రశ్న: గుంటూరులో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడుపుకుంటున్నాను. మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆటోల్లో ఎక్కించి దింపడం ఆయనకు కష్టంగా ఉంటోందని మూడేళ్ల కిందట బ్యాంకు అప్పుతో కారు కొన్నాను. కొన్న వారంలోనే అన్నవరం తీసుకెళ్లి వాహనపూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఏటా దసరాకు పసుపు కుంకుమలు తప్పలేదు. పోయిన నెల వానలకు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీళ్లు చేరితే, ఒక్క రాత్రికి కారు గేటు బయట పెట్టాను. తెల్లారేసరికి లేదు. ఉదయమే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. నెల దాటినా ఆచూకీ లేదు, బ్యాంకు వాయిదా మాత్రం ఐదో తారీఖుకల్లా కట్ అవుతోంది. ‘పూర్వజన్మలో వాడికి బాకీ ఉన్నావు, తీరిపోయిందనుకో’ అంటున్నారు బంధువులు. నాకేమో రాత్రి నిద్ర పట్టదు. వాడి చేతులు విరిగిపోవాలని శపిస్తూ కూర్చుంటున్నాను. ఇంట్లో అందరిమీదా అరుస్తున్నాను. ఒకాయన అంజనం వేసి ‘దగ్గరివాడే, కుర్రవాడే’ అన్నాడు. మా వాచ్‌మన్ కొడుకు మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. వాచ్‌మన్‌ను తీసేయమని అసోసియేషన్‌లో నేనే పట్టుబట్టాను. రెండో తాళంచెవి ఎప్పుడో పోయింది, ఇన్సూరెన్సు కోసం ఒకటి కొత్తగా చేయించి ఇచ్చేయమని తెలిసినవాళ్లు సలహా ఇస్తున్నారు. పూజ చేయించిన వాహనం ఎందుకు పోయింది? దొంగకు శిక్ష పడాలని కోరుకోవడం తప్పా? కార్తవీర్యార్జున మంత్రం జపిస్తే దొరుకుతుందా? దొరికితే శుద్ధి చేయించాలా?
— ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ఇన్ని అడిగారు గాని, నాన్నగారిని ఇప్పుడు ఆస్పత్రికి ఎలా తీసుకెళ్తున్నారో రాయలేదు. మీ ఉత్తరం చదవగానే నాకు తోచిన మొదటి ప్రశ్న అది. కారు పోయినా ఆ వారంలో మూడు రోజులు మాత్రం ఆగవు. ఆ రోజులకు నమ్మకమైన ఆటో ఒకటి నెలవారీగా మాట్లాడుకోండి. అపార్ట్‌మెంట్‌లో కారున్నవారిని నోరు తెరిచి అడగండి. అడగడానికి మొహమాటపడకండి, తండ్రి కోసం అడుగుతున్నారు. తక్కిన సందేహాలన్నీ దీని తర్వాతే.

వాహనపూజ సంగతి. మనం పూజ చేసేది ఈ బండి వల్ల మనకు గాని ఎదుటివాడికి గాని ప్రాణహాని జరగకూడదని, మన బతుకును మోస్తున్న పనిముట్టుకు ఒక దండం పెట్టాలని. ఆయుధపూజ నాడు వడ్రంగి ఉలికీ, రైతు నాగలికీ బొట్టు పెట్టేది కూడా ఇందుకే. పూజ తాళం చేసే పని చేయదు. నిత్యం అర్చన జరిగే గుడిలో కూడా స్వామివారి నగలు తాళం వేసిన బీరువాలోనే పెడతారు, హుండీకి సీలు వేస్తారు. అంతెందుకు, దేవుళ్లే దొంగల పాలయ్యారు. తమిళనాడులోని పత్తూరు విశ్వనాథస్వామి ఆలయానికి చెందిన నటరాజ విగ్రహం దొంగచాటుగా అమ్ముడుపోయి లండన్ చేరింది. దానికోసం అక్కడి కోర్టులో దావా నడిచింది. ఆలయానికే వాదిగా నిలబడే హక్కుందని అక్కడి న్యాయస్థానం ఒప్పుకుంది. 1991లో స్వామి తిరిగి వచ్చాడు. మూడేళ్లు మీ నాన్నగారిని ఏ ప్రమాదమూ లేకుండా ఆస్పత్రికి చేర్చి ఇంటికి తెచ్చింది కదా ఆ బండి. అన్నవరంలో మీరు కోరుకున్నది అదే అయితే, ఆ పూజ ఫలించింది.

దొంగకు శిక్ష పడాలని కోరుకోవడం తప్పు కాదు. ఫిర్యాదు చేసినవాడికి క్షమాగుణం లేదని మన ధర్మశాస్త్రాలు ఎక్కడా అనలేదు. పైగా ఈ విషయంలో అవి ఎంత ముందుకు వెళ్లాయో తెలిస్తే ఆశ్చర్యపోతారు. గౌతమ ధర్మసూత్రం, యాజ్ఞవల్క్యస్మృతి, కౌటిల్యుడి అర్థశాస్త్రం మూడూ ఒక మాట చెబుతాయి: దొంగలు ఎత్తుకుపోయిన సొత్తును రాజు పట్టి సొంతదారుకు అప్పగించాలి, పట్టలేకపోతే తన ఖజానాలోంచి ఇవ్వాలి. అంటే ప్రజల ఇంట్లో దొంగతనం జరిగితే అది పాలకుడి బాకీ. ఇవాళ ప్రభుత్వం ఖజానాలోంచి కారు కొనివ్వదు గాని, వెతకాల్సిన బాధ్యత దానిదే. కాబట్టి స్టేషన్‌కు వెళ్లి ‘ఎంతవరకు వచ్చింది’ అని అడగడంలో బతిమాలుకోవాల్సిందేమీ లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం ఎఫ్‌ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. ఇంకా తీసుకోకపోతే రేపే తీసుకోండి. ఇక మనువు ఇంకో మెట్టు పైకెళ్లి, రాజు చేత శిక్ష పొందిన నేరస్థుడు పాపం కడుక్కుని పుణ్యాత్ముడితో సమానంగా సద్గతికి వెళ్తాడన్నాడు. అలా చూస్తే మీ ఫిర్యాదు ఆ దొంగకు కూడా మేలే.

బంధువులు చెప్పిన బాకీ మాట వేరు. కర్మ సిద్ధాంతాన్ని నేను కాదనను. కాని అది ఎవరు ఎవరితో అంటున్నారన్నది చూసుకోవాలి. నష్టపోయినవాడు తనంతట తాను ‘ఏ జన్మ ఋణమో’ అనుకుని గుండె దిటవు చేసుకుంటే అది వివేకం. ఒడ్డున ఉన్నవాడు మునుగుతున్నవాడితో అదే మాట అంటే గాయం మీద కారం చల్లినట్టు. దానివల్ల దొంగ చేసింది న్యాయమూ అయిపోదు. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ, అంతా విధే అని చేతులు ముడుచుకునేవాణ్ణీ, అంతా యాదృచ్ఛికమని వదిలేసేవాణ్ణీ ఒకే గాట కట్టి ఇద్దరినీ అధములంది. పని మీద బుద్ధి పెట్టినవాణ్ణే మెచ్చుకుంది. మీ బంధువులకు ద్రౌపది మాట వినిపించండి.

ఇప్పుడు కోపం దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది అదే.

ఆదిపర్వంలో ఉదంకుడి కథ మీరు వినే ఉంటారు. గురుపత్ని కోరిందని పౌష్య మహారాజు భార్య దగ్గరికి వెళ్లి ఆమె కుండలాలు అడిగి తెచ్చుకున్నాడు. వీటిమీద తక్షకుడికి కన్నుంది, జాగ్రత్త నాయనా అని ఆ తల్లి చెప్పే పంపింది. దారిలో ఆచమనం చేద్దామని ఉదంకుడు వాటిని కాసేపు నేలమీద పెట్టాడు. అంతే, సన్యాసి వేషంలో వెంట వస్తున్న తక్షకుడు ఎత్తుకుపోయాడు. మీరు గేటు బయట ఒక్క రాత్రి పెట్టినట్టే. ‘ఆ రాత్రి బయట పెట్టకపోతే’ అని మీరు వెయ్యిసార్లు అనుకుని ఉంటారు. ఉదంకుడు అలా అనుకుంటూ నీటి ఒడ్డున కూర్చోలేదు. తక్షకుడు దూరిన బిలాన్ని కర్రతో తవ్వాడు. ఇంద్రుడి వజ్రం తోడై దారి తెరుచుకుంది. నాగలోకం దాకా వెళ్లి, దాన్ని పొగతో నింపి, కుండలాలు కక్కించి, గడువులోగా గురుపత్ని చేతిలో పెట్టాడు. ఇంతవరకు ఉదంకుడు చేసినదంతా ధర్మం. పోయినదాన్ని వెంటాడి తెచ్చుకోవడం పురుషకారం.

కథ అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! వస్తువు చేతికి వచ్చినా అతని కోపం దిగలేదు. నేరుగా హస్తినాపురం వెళ్లి, నీ తండ్రిని చంపినవాడు తక్షకుడు సుమా అని జనమేజయుణ్ణి రెచ్చగొట్టి సర్పయాగానికి పురిగొల్పాడు. ఆ హోమగుండంలో ఎవరు కాలారో చూడండి. కుండలాల ఊసే తెలియని పాములు, ముసలివి, పిల్లవి, లెక్కలేనన్ని పడి మాడిపోయాయి. తక్షకుడు మాత్రం ఇంద్రుణ్ణి ఆశ్రయించాడు. చివరి క్షణంలో ఆస్తీకుడు వచ్చి యాగం ఆపించడంతో బతికి బయటపడ్డాడు. దొంగ తప్ప తక్కినవాళ్లంతా కాలారు.

మీ ఇంట్లో జరుగుతున్నది చిన్న ఎత్తున ఇదే. మీ అరుపులు దొంగ చెవిన పడవు. పడేది మీ ఆవిడ చెవిన, పిల్లల చెవిన, మంచంమీద ఉన్న నాన్నగారి చెవిన. తన కోసమే కొన్న కారు పోయిందని ఆయన లోపల ఎంత కుమిలిపోతున్నారో ఒకసారి ఆలోచించారా? ఆ అరుపుల్లో ప్రతిదీ ఆయనకు ‘నీ వల్లే’ అన్నట్టు వినబడుతుంది.

కార్తవీర్యార్జున మంత్రం అడిగారు. పోయిన వస్తువుల కోసం ఆ స్మరణ పెద్దల నుంచి వస్తున్నదే. ఆయన ఏలుబడిలో ఎవరి సొత్తూ పోయేది కాదని విష్ణుపురాణం చెబుతుంది. ఉదయం స్నానం చేసి చేసుకోండి, మనసు కుదుటపడుతుంది. అది చేస్తూ ఆయన కథ పూర్తిగా గుర్తుంచుకోండి. దొంగతనమన్నది లేకుండా రాజ్యమేలిన ఆ మహారాజే జమదగ్ని ఆశ్రమంలోంచి హోమధేనువును బలవంతంగా తోలించుకుపోయాడు. పరశురాముడు వెళ్లి ఆయన్ని చంపి ఆవును వెనక్కి తెచ్చాడు. జమదగ్ని సంతోషించలేదు. ఓర్పు కదా మన సొమ్ము, రాజును చంపి పాపం చేశావు, తీర్థయాత్రలు చేసి రా అని కొడుకును మందలించాడు. తర్వాత కార్తవీర్యుడి కొడుకులు వచ్చి జమదగ్నినే నరికారు. దాని మీద పరశురాముడి ఇరవై ఒక్క దండయాత్రలు. మొదట పోయింది ఒక ఆవు, అదీ తిరిగి వచ్చింది.

అంజనం విషయంలో మాత్రం నేను కటువుగానే చెబుతాను. తమలపాకు మీద కాటుకలో కనిపించిన ముఖాన్ని పట్టుకుని ఒక మనిషిని దొంగ అనడం మహాపాపం. సర్పయాగానికి ముందే, అదే ఆదిపర్వంలో, అదే జనమేజయుడి యాగశాల దగ్గర సరమ అనే దేవశునకం పిల్ల తిరుగుతుంటే రాజు తమ్ముళ్లు కొట్టి తరిమారు. అది హవిస్సును నాకలేదు, కన్నెత్తి చూడలేదు. తల్లి వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. ఏ తప్పూ లేనివాణ్ణి కొట్టారు గనుక మీకు కనపడని భయం వచ్చిపడుతుందని చెప్పి వెళ్లిపోయింది. దొంగలు తన ఆశ్రమంలో సొత్తు దాచినందుకు మాండవ్య మహర్షి కొరత మీదకెక్కాడు. సరైన విచారణ లేకపోతే దొంగ కానివాడు దొంగవుతాడని చెప్పడానికి నారదస్మృతి ఆయన పేరే ఎత్తింది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. చదువుకునే రోజుల్లో ఒక గ్రంథాలయం బయట నా సైకిలు పోయింది. పక్కన టీ బంకులో పనిచేసే కుర్రాడు రోజూ దాన్ని ముట్టుకుని చూసేవాడు. వాడిమీద అనుమానం ఉందని బంకు యజమానితో అన్నాను. మర్నాటి నుంచి వాడు అక్కడ లేడు. పది రోజులకు సైకిలు దొరికింది. అచ్చం అలాంటి సైకిలే ఉన్న మరో విద్యార్థి పొరపాటున ఎక్కి వెళ్లాడట. ఆ కుర్రాడి కోసం చాలా తిరిగాను. ఊరేదో కూడా ఎవరూ చెప్పలేకపోయారు. యాభై ఏళ్లు కావస్తోంది, సైకిలు బెల్లు వినపడితే నాకు ఇప్పటికీ వాడి ముఖమే కనిపిస్తుంది.

మీ వాచ్‌మన్‌ను ఇంకా తీసేసి ఉండరనే అనుకుంటున్నాను. తీసేయమని పట్టుబట్టింది మీరే గనుక, ఆ మాట వెనక్కి తీసుకోవాల్సిందీ మీరే. అసోసియేషన్‌లో అందరి ముందూ అన్నారు కాబట్టి అందరి ముందే తీసుకోండి. నిజంగా ఆధారం ఏదైనా ఉంటే దర్యాప్తు అధికారికి చెప్పండి. మెకానిక్ పని నేర్చుకోవడం ఆధారం కాదు.

రెండో తాళంచెవి. కొత్తది చేయించి పాతదని ఇవ్వకండి. దొంగ మీ వస్తువు తీసుకున్నాడు, మీ సత్యాన్ని కూడా మీ చేత్తోనే వాడి వెనక పంపించకండి. తాళంచెవి ఫలానా కాలంలో పోయిందని రాతపూర్వకంగా చెప్పండి, దానికి సంబంధించిన కాగితమేదైనా ఉంటే జతచేయండి. అబద్ధం బయటపడితే నిజమైన క్లెయిమ్ కూడా దానితోపాటే పోతుంది. మీ పాలసీ సొంత నష్టానికి కూడా వర్తించేదో కాదో ముందు చూసుకోండి, థర్డ్ పార్టీ ఒక్కటే అయితే దొంగతనానికి పరిహారం రాదు. కంపెనీకి ఆలస్యంగా తెలియజేశామని దిగులుపడుతుంటే ఒక ధైర్యం చెబుతాను: పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే, కంపెనీకి చెప్పడంలో జాప్యం ఒక్కటే కారణంగా క్లెయిమ్ తిరస్కరించకూడదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మీరు ఆ ఉదయమే స్టేషన్‌కు వెళ్లి మంచి పని చేశారు. కారు అప్పుమీద ఉంది కనుక పరిహారం ముందుగా బ్యాంకు బాకీకి జమవుతుంది. ఈలోగా వాయిదాలు ఆపకండి, కష్టంగా ఉంటే బ్యాంకు మేనేజరుకు ఎఫ్‌ఐఆర్ నకలు చూపించి మాట్లాడండి. ఫాస్టాగ్ ఇంకా నిలిపివేయించకపోతే అదీ చేయండి.

ఆఖరి సందేహం, దొరికితే శుద్ధి. ఎవరు తిప్పారో, దేనికి వాడారో తెలియని బండి గనుక మనసుకు శంక ఉండటం సహజం. కోర్టు ఉత్తర్వుతో చేతికి వచ్చాక శుభ్రంగా కడిగించి, పుణ్యాహవాచనం చేయించి ఆ జలం చల్లండి. మళ్లీ నిమ్మకాయలు పెట్టి నడపండి. అంతకుమించి దోషం లేదు. అయితే పరిహారం పుచ్చుకున్న తర్వాత దొరికితే మాత్రం ఆ కారు మీది కాదు, కంపెనీది. స్టేషన్ నుంచి కబురు రాగానే ముందు వారికి తెలపండి.