నడుమున కట్టిన ఆయుధం

కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ ట్రేడులో చేరిన కుర్రాడు ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఫైలుతో చదును చేయడం నేర్చుకుంటాడు. తర్వాత రెండు ముక్కల్ని ఒకదానిలో ఒకటి ఇమిడేలా రాకి, వెలుతురుకెత్తి చూస్తాడు. సందులోంచి వెలుగు కనిపించిందంటే పని ఇంకా ఉన్నట్టే. విశాఖ షిప్‌యార్డుకీ, డాక్‌యార్డుకీ, ఉక్కు ఫ్యాక్టరీకీ అన్నం పెట్టేది ఈ ఓపికే. సొంత రక్షణకని నడుమున పెట్టుకు తిరిగే పిస్తోలును చేత్తో సరిచేసే అమెరికా పనివాళ్లదీ ఇదే విద్య. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1911 మోడల్ పిస్తోలు పైన జారే స్లైడును రంగు పూసి ఫ్రేము మీద నడుపుతారు. రాపిడి మచ్చ పడ్డ చోట మాత్రమే రవ్వంత రాకుతారు. చెయ్యి ఒకటే, శ్రద్ధ ఒకటే. మరి సెప్టెంబరు 17న విశ్వకర్మ పటం ముందు ఈ రెండు పనుల్నీ పక్కపక్కన పెట్టవచ్చా? కూడదనే నేనంటాను.

కారణం ట్రిగ్గర్‌లో ఉంది. స్లైడు కుదురుగా కూర్చుంటే గురి నిలుస్తుంది. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. కానీ ఆ పని సాధారణంగా అక్కడితో ఆగదు. సుత్తిని ఆపి ఉంచే సియర్ అనే చిన్న కొక్కెం అంచును కూడా నునుపు చేస్తారు. దాదాపు రెండున్నర కిలోల ఒత్తిడి అడిగిన ట్రిగ్గర్ ఒకటిన్నరకే కదులుతుంది. సంకల్పానికీ క్రియకూ నడుమ మనసు మార్చుకోవడానికి మిగిలిన ఆఖరి జాగాను ఆ నైపుణ్యం రాకేసింది.

అరణ్యకాండ తొమ్మిదో సర్గలో సీత లేవనెత్తిన అభ్యంతరం సరిగ్గా ఇక్కడ తగులుతుంది. ఆమె రాముడికి చెప్పిన కథలో ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి ఒక తాపసి దగ్గర కత్తి దాచిపెట్టి పోతాడు. తాపసి సత్యవంతుడు, అప్పగించిన వస్తువు పోకూడదని పళ్లకూ దుంపలకూ వెళ్లినా దాన్ని వెంటే ఉంచుకుంటాడు. అలా మోస్తూ మోస్తూ క్రూరుడై చివరికి నరకానికి పోతాడు. అతన్ని చెడగొట్టింది దురుద్దేశం కాదు, జాగ్రత్త. తన నడుముకూ వేలికీ సరిపోయేలా పిస్తోలు చేయించుకున్న వాడిదీ జాగ్రత్తే. అది ఒంటికి ఎంత బాగా ఇమిడితే మోస్తున్నామన్న స్పృహ అంత త్వరగా పోతుంది.

దీనికి రాముడే బదులు చెప్పాడు కదా అనవచ్చు. ఆర్తనాదం వినిపించకూడదనే క్షత్రియులు విల్లు పడతారన్నాడు, నిజమే. కానీ ఆయన నిలబడింది మునులకిచ్చిన మాట మీద, ప్రాణాపాయం వాళ్లది. ఆత్మరక్షణ హక్కును మన చట్టం కూడా ఒప్పుకుంటుంది, నేనూ కాదనను. అయితే 1959 ఆయుధాల చట్టం కలిగి ఉండటాన్నీ, తయారు చేయడం, మార్చడం, మరమ్మతు చేయడాన్నీ వేరువేరుగా చూసింది: మొదటిదానికి మూడో సెక్షను, మిగతావాటికి ఐదో సెక్షను. లైసెన్సు చేతిలో ఉందని యజమాని తన తుపాకీని ఇష్టం వచ్చినట్టు మార్చుకోవడానికి వీల్లేదు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది. విశాఖలో, తూర్పు నౌకాదళం నీడలో బతుకుతూ పిస్తోలు గురించి నీతులా? అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జులై 26న ఇక్కడే జలప్రవేశం చేసింది. దాని పక్కన పిస్తోలు ఏపాటిది? విధ్వంసం లెక్కన పోలికే లేదు. కానీ అణ్వస్త్రం వాడాలంటే ప్రధాని అధ్యక్షతన ఉన్న రాజకీయ మండలి అనుమతించాలి. అంత పెద్ద ఆయుధానికీ దాని ప్రయోగానికీ మధ్య అన్ని అడ్డంకులు కావాలనే పెట్టారు. చేత్తో మెరుగుపెట్టిన పిస్తోలు దీనికి ఎదురు దిశలో నడుస్తుంది: ఒక్క మనిషి, ఒక్క వేలు, ఆ వేలికీ అడ్డు తగ్గించడమే దాని గొప్ప. అణ్వస్త్రాల నీతి ఇంతతో తేలిపోయిందని అనను, అది వేరే గొడవ.

నిజంగా ప్రాణభయం ఉండి లైసెన్సు పొందిన మనిషి, అనుమతి ఉన్న పనివాడి చేత స్లైడు సరిచేయించుకుంటే నాకు పేచీ లేదు. ట్రిగ్గర్‌ను మాత్రం ఫ్యాక్టరీ ఇచ్చినంత బరువుగానే ఉండనివ్వమంటాను.