తూనీగ తోక

వైశాఖపుటెండ ముదరకమునుపే సఫిల్‌గూడ చెరువుగట్టు చేరి, కట్టమైసమ్మ గుడికి ఎడముగా ఒక వేపనీడను కూర్చుంటిని. నీటికాకి యొకటి మునిగి లేచి, ఉతికిన పంచె ఆరవేసినట్లు ఱాతిమీద రెక్కలు విప్పి నిలిచెను. లకుముకిపిట్ట చేపను కొమ్మకు మోది మోది చంపి, తలవైపునుండి మ్రింగెను. గట్టువాలున జిల్లేడు పొదచుట్టును నారింజవన్నె సీతాకోకచిలుకలు రెండు తీరికగా తిరుగుచుండెను. గొంగళిపురుగులుగా నున్ననాడు ఆ యాకుల విషమును తిని ఒంట దాచుకొనినవి కావున, పిట్టలు సాధారణముగా వానిజోలికి పోవు. వాని నడకలోని దర్జా యంతయు ఆ చేదు చలువయే.

వైశాఖములో మన యూర సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఆ వేళ, నాకు మూరెడు దూరమున, ఎండుగడ్డిపరకపై వ్రాలిన తూనీగ యొకటి తల వంచి, తోకను నిట్టనిలువుగా మింటికెత్తెను. గర్వమేమో యనుకొంటిని, కాదు, తోకకొనను సూర్యునికి గుఱిపెట్టినచో ఒంటిపై పడు ఎండ మిక్కిలి తగ్గును. నేను గొడుగు తెచ్చుకొనవలసివచ్చినది. దానికి దాని యొడలే చాలినది.

చిన్ననాడు ఆ తోకకే దారము కట్టి ఎగురవేసిన పాపములో నాకును భాగము కలదు. తూనీగలలో ఒక జాతి మాల్దీవుల మీదుగా సముద్రము దాటి ఆఫ్రికా తూర్పుతీరమునకు వలసపోవునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మేము దానికి ఇచ్చినది బారెడు దారము! నాడు వ్రేళ్లసందున పట్టి, కంటి కానించి చూచితిని. అయినను ఈ తోక యెత్తుట యెఱుగను. దారము కట్టిన తూనీగ తోక యెత్తదు గదా.

పట్టి కోయక తెలియని సంగతులు లేవనను. ఈ సికింద్రాబాదున సైనికవైద్యుడుగా నుండిన రోనాల్డ్ రాస్, బేగంపేటలో 1897 ఆగస్టు 20న దోమకడుపు కోసి మలేరియా క్రిమిని కనుగొనకున్నచో, మనము చలిజ్వరమునకు ఇంకను చెడుగాలినే నిందించుచుందుమేమో. మలేరియా యను మాటకు అర్థమే అది. కాని ఆ దోమలను గాలిలోనే పట్టి తిను ఈ తూనీగను ఎంత కోసినను, ఎండవేళ అది ఎటు తిరిగి నిలుచునో కనబడదు. అందులకు గట్టున కూర్చుండవలసినదే.

రెండుగంటలు దాటుసరికి తూనీగ తోక మెల్లగా పడమటికి ఒరిగినది. వేపనీడయు నన్ను విడిచి తూర్పునకు జరిగినది. గొడుగు విప్పితిని.