సముద్రములోని గట్టు

ధ్యాన భాగములు: ఆదికాండము 2:15, యోబు 28:18



జ్ఞానమునకు పగడములును సాటిరావని యోబు చెప్పెను. పగడమనగానే మనకు మెడలోని ఎర్రపూస జ్ఞాపకము వచ్చును. నేడు మనము తలంచునది ఆ నగ కాదు. వెచ్చని సముద్రములలో, లోతు తక్కువైన చోట, గట్టువలె పెరుగు పగడపు దిబ్బ.

దానిని కట్టునది ఒక చిన్న ప్రాణి. పెక్కు జాతులలో అది గోరంతయైన నుండదు. సముద్రపు నీటినుండి సున్నము తీసికొని గూడు కట్టుకొనును. ఒకటి చనిపోగా దాని గూటిమీద మరియొకటి కట్టును. ఇట్లు వేల యేండ్లకు గట్టు లేచును. సముద్రపు అడుగున ఈ దిబ్బలు నూటికి ఒక వంతుకన్న తక్కువ; అయినను సముద్రజీవుల జాతులలో దాదాపు నాలుగవ వంతుకు అవియే ఆశ్రయము. చేపపిల్లలు అక్కడ దాగి పెరుగును. అలల పోటు అక్కడ విరుగును. జాలరి వలలోని చేపయు, తీరమున నిలిచిన అతని గుడిసెయు ఆ చిన్న ప్రాణి కష్టఫలమే.

తమిళనాడులో తూత్తుకుడి మొదలు రామేశ్వరము వరకు, మన్నారు సింధుశాఖలోని 21 చిన్న దీవుల చుట్టు ఇట్టి దిబ్బలున్నవి. మనుష్యులు అనేక సంవత్సరములు వాటిని పెకలించి సున్నపు బట్టీలకును ఇండ్ల కట్టడమునకును అమ్మిరి. 1986లో ఆ దీవులు జాతీయ ఉద్యానవనమైనను త్రవ్వకము వెంటనే ఆగలేదు. 2001లో పగడములకు వన్యప్రాణి చట్టపు రక్షణ కలిగెను. దిబ్బలు పోయిన చోట అలలు దీవులను కోసెను. రెండు దీవులు నీట మునిగెను.

రాయి పెకలించిన కూలివానినే మనము నిందింపరాదు. పూట గడువక అతడు నీట మునిగెను. ఆ సున్నముతో గోడలు కట్టుకొన్నవారు వేరు. మన చెరువు గట్టునుండి మన్ను తీయువాడును "ఒక తట్టయే గదా" అనుకొనును. పెద్ద వాన కురిసిన రాత్రి ఊరంతయు మేల్కొనవలసి వచ్చును.

ఇప్పుడు మరియొక ఆపద కలదు. నీరు వాడుకకన్న ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారములు నిలిచినయెడల, పగడపు ప్రాణి తనలో నుండి తనకు ఆహారమిచ్చు నాచును విడిచి తెల్లబారును. వేడి తగ్గనియెడల చచ్చును. మన్నారులో 1998, 2010, 2016 సంవత్సరములలో ఇట్లు జరిగెను. మనుష్యులు కాల్చు బొగ్గును చమురును ఈ వేడికి ముఖ్య కారణములు.

దేవుడు నరుని తోటలో ఉంచినది సేద్యము చేయుటకు మాత్రమే కాదు, కాచుటకును. తినుటకు సెలవిచ్చినవాడే కాచు పనియు అప్పగించెను. మన సంఘమును అట్టి గట్టే. పేరు తెలియని పెద్దలు పిడికెడు పిడికెడు బియ్యము తీసిపెట్టి కట్టినదానిమీద మనము నిలిచియున్నాము. మనము తీసికొన్నదెంత? కాచినదెంత? ఈ నెల ఒకరినొకరము అడుగుకొందము.

ప్రభువా, చిన్నవారు కట్టినదానిని పడగొట్టు చేతులు మావి కాకుండ కాపాడుము. ఆమేన్.