మిగిలిన విత్తు

తనకు మిగిలినదానిని ఒరులకిచ్చుట దానమగునా? తన స్వత్వమును విడచి పరునకు స్వత్వము కలిగించుటయే దానమని ధర్మశాస్త్రజ్ఞుల నిర్వచనము. అందు కొంత నొప్పి యుండిననే త్యాగమని పలువురి తలంపు. మిగులు నిచ్చువానికి నొప్పి యెక్కడిది?

నా పెరటి బంతిమొక్కలు ఈ సందేహమును తీర్చినవి. ఒక యేడు ఎండిన పూలనుండి దోసెడు విత్తులు మిగిలినవి. పొరుగింటి బాలిక వచ్చి "తాతగారూ, నాకు కొన్ని పెడతారా?" అని యడిగినది. మరుసటి యేటికి కావలెనని చెప్పి, మూటగట్టి అటకపై నుంచి మరచితిని. పెక్కేండ్లకు తీసి చల్లగా, వారము దినములలో మొలవవలసిన విత్తు ఒక్కటియు మొలవలేదు. తుదకు, మునుపు నేను చిటికెడు విత్తులిచ్చిన బంధువుల ఇంటినుండియే తెచ్చుకొంటిని.

బంగారము దాచిన బంగారముగనే యుండును. విత్తు దాచిన చచ్చును. బంతి మెక్సికో ప్రాంతపు మొక్క. అది నేడు మన సంక్రాంతి గుమ్మములకు తోరణమగుచున్నదన్న, ఎందరి చేతులు మారి వచ్చినదో గదా!

పూవు పుచ్చుకొన్నవాడు గ్రహీతగనే నిలుచును. విత్తు పుచ్చుకొన్నవాడు మడిచేసి, నీరుపోసి, రెండు నెలలు కాచి, పూచినపిదప తానును దాత యగును. కావున చదువరులారా, దానమునకు కొలత ఇచ్చువాని నొప్పి కాదు. అదనున చేయి విప్పుటయే.

ఆ బాలిక యిపుడు అత్తవారింట నున్నది. ఆమెకీయని గుప్పెడు విత్తులు నాకు ఋణముగనే మిగిలినవి.